సాక్షులు తృప్తిగా ఉన్నారా?

వీసా రాలేదు. యూరప్‌లోని ఒక అంతర్జాతీయ న్యాయస్థానంలో ఆరు నెలల ఇంటర్న్‌షిప్ వచ్చిందని బస్తీ అంతా స్వీట్లు పంచిన వారానికి ఆ సంగతి తెలిసింది. వాళ్లు దయతలచి ఇంటి నుంచే చేయమన్నారు. అలా విమానం ఎక్కకుండానే, మెదక్‌లో మా కిరాయి ఇంటి డాబా మీది రేకుల గదిలో నేను అంతర్జాతీయ ఉద్యోగినయ్యాను. కిందికి దిగితే చాలు, ఇంకా పోలేదా అని ఎవరో ఒకరు అడిగేవారు. సిగ్గేసి కూరగాయలకు వెళ్లడం కూడా మానేశాను.

నా విభాగం పేరు పర్యవేక్షణ, మూల్యాంకనం. కోర్టు తన పని తాను సరిగ్గా చేస్తోందా అని కోర్టు లోపలే కూర్చుని చూసే విభాగం. చేరిన రోజే గోప్యత పాటిస్తానని ప్రమాణం చేయించారు. తెర ఎవరికీ కనిపించకూడదు, మాట ఎవరికీ వినిపించకూడదు. మా ఇంట్లో పగటిపూట తలుపు గడియ పెట్టారంటే ఒంట్లో బాగాలేదనో, అలిగారనో అర్థం. నేను రోజూ మధ్యాహ్నం నుంచి రాత్రి భోజనాల దాకా గడియ పెట్టుకునేదాన్ని. కిటికీ మూసి, కాల్‌లో శబ్దం వస్తుందని ఫ్యాన్ ఆపి, ఎండాకాలమంతా ఆ రేకుల కింద ఉడికిపోయాను. అమ్మ మజ్జిగ గ్లాసు గడప బయట పెట్టి వెళ్లేది. ఏం పని అని అడిగితే చెప్పకూడదు అనేదాన్ని. మొదట్లో అలా అనడం గొప్పగా ఉండేది. నెల తిరిగేసరికి నా మీద నాకే చిరాకేసింది.

పని ఇదీ. యుద్ధంలో నష్టపోయి, కోర్టుకు వచ్చి సాక్ష్యం చెప్పినవాళ్లను అక్కడ ఎలా చూసుకున్నారో అడిగి రాసుకున్న జవాబులు నాకు పంపేవారు. నేను అవి చదివి, నివేదిక చిత్తుప్రతి రాయాలి. అందరిదీ ఒకటే మాట. అంతా బాగుంది, బాగా చూసుకున్నారు. చదవగా చదవగా నాకు అనుమానం వచ్చింది. అంతటి ఘోరం చెప్పుకుని ఏడ్చినవాళ్లలో ఒక్కరికీ ఒక్క లోటూ కనిపించలేదా? అప్పుడు ఒకావిడ జవాబు తగిలింది. "ఈ మనిషే రేపు నన్ను ఇంటికి చేర్చాలి. ఈయన ముందు నేనేం చెప్పను?"

వెనక్కి వెళ్లి చూశాను. సాక్షుల బాగోగులు చూసే సిబ్బందే ఆ ప్రశ్నలన్నీ అడిగారు, వాళ్లే జవాబులు రాసుకున్నారు. ఆవిడ జవాబు రాసుకున్న ఈ ఒక్కాయన నిజాయితీపరుడు కాబోలు, తన మీద పడిన మాటను కూడా రాశాడు.

దాన్ని నివేదికలో పెట్టి పంపాను. మా సూపర్‌వైజర్ నెమ్మదైన మనిషి. వీడియో కాల్‌లో ఓపిగ్గా చెప్పాడు. ఒక్కరి మాట అందరి మాట కాదు, పైగా ఆ వాక్యం బయటికి వస్తే ఆవిడెవరో మిగతా సిబ్బందికీ తెలిసిపోతుంది. రెండోది నిజమే, అదే నన్ను చంపింది. ఆవిడ మాట ఉంచితే ఆవిడకు ముప్పు. తీసేస్తే, సాక్షులు తృప్తిగా ఉన్నారనే అబద్ధం నా చేత్తో నేను రాసినట్టు. ఎవరినైనా అడుగుదామంటే ప్రమాణం అడ్డం. కక్కలేను, మింగలేను. రెండు రోజులు ఆ నివేదిక ముట్టుకోలేదు.

మూడో రోజు వంటింట్లో అమ్మ పక్కన చేరాను. అమ్మ చాలా ఏళ్లు ఒక పల్లె హాస్టల్లో ఆడపిల్లలకు వండింది. కోర్టు ఊసెత్తకుండా, తనిఖీకి ఆఫీసర్లు వచ్చి భోజనం ఎలా ఉందంటే పిల్లలు ఏమనేవారని అడిగాను.

"నేను ముంగట నిలవడితే మంచిగుందనే అంటరు బిడ్డా. రేపు గరిటె నా చేతులనే ఉంటది గద. గందుకే నీళ్లు తెస్తనని బయటికి పోయేదాన్ని."

"అప్పుడేమన్నరు?"

"పప్పు నీళ్ల లెక్క ఉందన్నరు. నాకు మెమో ఇచ్చిండ్రు." అమ్మ నవ్వింది. "గప్పటి సంది పప్పు ఎక్కువ పంపిండ్రు."

ఆ మధ్యాహ్నం ఆవిడ మాట తీసేసి, దాని స్థానంలో ఇంకోటి రాశాను. సాక్షులు ఎవరి మీద ఆధారపడ్డారో వాళ్లే అడిగారు కాబట్టి ఈ జవాబులను నమ్మలేమని, ఇకపై సిబ్బంది గదిలో లేనప్పుడు వేరేవాళ్లు అడగాలని. సూపర్‌వైజర్ బాగుందన్నాడు. తీరా తుది ప్రతి చూస్తే అది చివరి అనుబంధంలో, చిన్న అక్షరాల్లో ఉంది. మొదటి పేజీలో సాక్షులు తృప్తిగానే ఉన్నారు. ఒళ్లు మండిపోయింది. అయినా నోరెత్తలేదు. సిఫారసు లేఖ ఆయనే రాయాలి, అది లేకుండా ఆ రేకుల గదిలోంచి బయటపడే దారి నాకు కనిపించలేదు.

చివరి రోజు కాల్‌లో రహస్యాలేమీ ఉండవని తలుపు తీసే ఉంచాను. అమ్మ ఆరిన బట్టలు మడతపెడుతూ గడప దగ్గర కూర్చుంది. వెళ్లిపోయే ఇంటర్న్‌లను అడగడానికి కొన్ని ప్రశ్నలున్నాయట. సూపర్‌వైజరే ఒక్కోటి చదివి, నేను చెప్పింది రాసుకుంటూ పోయాడు. పని నేర్పిన తీరు? బాగుంది. మీ అభిప్రాయాలకు విలువ ఇచ్చారా? ఇచ్చారు. ఎక్కడైనా ఇబ్బంది పడ్డారా? లేదు. వారంలో లేఖ పంపుతానని చెప్పి ఆయన కాల్ ముగించాడు.

అంతసేపు ఏమడిగాడని అమ్మ ఆరా తీసింది. తన దగ్గర పని ఎలా ఉందని అడిగాడని, బాగుందన్నానని చెప్పాను.

అమ్మ చీర మడతపెట్టడం ఆపింది.

"ఆయన ముంగటనేనా?"