యాభై కిలోలు దాటకూడని ఎండాకాలం

పోయిన నెల భూపాలపల్లిలో మా బిడ్డ ఇంట్లో ఉండగా, కబడ్డీ ఆడే పదమూడేళ్ల మనవరాలు మోకాలి కింద నొప్పి అన్నది. ఆ ఒక్క మాటకే ఇల్లంతా కదిలింది. ఎముక తొందరగా పెరిగే వయసులో కండరం దాన్ని లాగుతుంటే ఇట్లా అవుతుందని, కొన్నాళ్లు ఆట మాని పాలూ గుడ్లూ పప్పూ కడుపునిండా తినాలని ఎముకల డాక్టరు చెప్పాడు. మరునాడు ఆట నేర్పే మేడం స్వయంగా ఇంటికి వచ్చి, తొందరేమీ లేదు, పూర్తిగా తగ్గినాకే రమ్మని చెప్పిపోయింది. అందరూ సంతోషించారు. నేనూ సంతోషించాను కానీ, ఆ తర్వాత ఒక మూలన కూర్చుని, పోయి పదేళ్లు దాటిన మా పెద్దబాపును మనసులో గంటసేపు తిట్టుకున్నాను. ఈ వయసులో రోజూ కొంత వ్యాయామం ఉండాలంటారు కదా.

మాది నర్మెట్ట. మా బాపుకు అన్న అయిన ఈ పెద్దబాపుకు భూములు, వడ్ల దుకాణం, సర్పంచి కావాలన్న ఆశ, మూడూ సమృద్ధిగా ఉండేవి. ఆ ఆశ కోసమే ఊరి పిల్లలతో ఒక కబడ్డీ జట్టు కట్టాడు. మన కాలంలో పిల్లల పోటీలకు వయసు కాగితాలు ఎవరూ అడగలేదని మీకూ గుర్తుండే ఉంటుంది, బరువు మాత్రం చూసేవాళ్లు, యాభై కిలోలు దాటితే బయటే నిలబడాలి. జట్టులో అందరికన్నా బాగా కూతకు పోయేవాణ్ణి నేనే. పదిహేనేళ్లు నిండిన ఆ ఎండాకాలం, పెద్దబాపును ఒక్క మాటైనా అడగకుండా, నాలుగు వేళ్లు పొడుగయ్యాను. ఆయన దీన్ని నమ్మకద్రోహం కింద జమకట్టుకున్నాడు.

ప్రతి శుక్రవారం దుకాణంలో వడ్లు తూచే పెద్ద కాంటాకు ఒక పక్క యాభై కిలోల రాళ్లు, ఇంకో పక్క నేను. నా పక్క కిందికి దిగిందా, ఆ రోజు నుంచి మాపటి బువ్వ బందు, పాలు బందు, గుడ్డు ఊసే ఎత్తకూడదు. అది చాలనట్టు మిట్టమధ్యాహ్నం గొంగడి కప్పుకొని, కోతలైపోయిన పొలాల చుట్టూ చెమట ధారలు కట్టేదాకా పరుగెత్తాలి. ఆ ఎండలో గొంగడితో పోతున్న నన్ను చూసి గొర్రెలు కూడా మేత ఆపేవి. కాలి ఎముక సలుపుతున్నదని చెబితే, పెరిగే కాలు సలపక పాట పాడుతుందా అని దుకాణంలో నలుగురినీ నవ్వించాడు. మా బాపు అన్న మాట దాటని తమ్ముడని ఊరంతా మెచ్చుకునేది, నేనొక్కణ్ణే మెచ్చుకోలేదు. అమ్మ మాత్రం కొట్టంలోకి పిలిచి చాటుగా పాలగ్లాసు చేతికిచ్చేది. తాగింది లేదు. ఆడాలన్న పిచ్చి నాదే, ఒప్పుకుంటాను. అయితే పదిహేనేళ్లవాడి పిచ్చికి నలభై ఐదేళ్ల మనిషి రాళ్లు పెట్టి తూకం వేయడం ఏమిటన్నది ఇప్పటికీ నాకు అర్థం కాదు.

పోటీలు మానుకోటలో, అంటే ఇప్పటి మహబూబాబాదులో. ముందురోజు నుంచి నీళ్లు కూడా లేకుండా, జనగామలో ప్యాసింజరు ఎక్కి పోయాను. అరకిలో తక్కువ తూగాను. పెద్దబాపు వెంటనే నాలుగు అరటిపండ్లు తినిపించాడు, నా ఆరోగ్యం మీద ఆయన చూపిన మొదటి శ్రద్ధ అదే. ఆఖరి ఆటలో కూతకు పోయి తిరిగి వస్తుంటే ఇద్దరు నా కుడికాలు పట్టుకుని మెలితిప్పారు. ముందు నొప్పి తెలియలేదు, ఎండిన పత్తికట్టె విరిగినట్టు చప్పుడు మాత్రం వినిపించింది. పడిపోయినవాణ్ణి లేపడానికి ఎవరైనా వస్తారనుకున్నాను. గీత అవతల పెద్దబాపు వంగి కూర్చుని, మెల్లగా, చాలా ప్రేమగా అన్నాడు.

"గీత మూరెడు దూరంల ఉన్నది బిడ్డా. జరుగు. చెయ్యి చాపు."

జరిగాను. విరిగిన కాలును ఇద్దరు మనుషులతో సహా ఈడ్చుకుంటూ పోయి గీత ముట్టాను. గెలిచినం.

దవాఖానలో డాక్టరు నా పక్కటెముకలు చూసి, ఆ తర్వాత కాలు చూసి, పెద్దబాపు వైపు తిరిగాడు.

"ఈ పోరనికి మీరు తిండి పెడ్తున్నరా, తూకమేస్తున్నరా?"

ఎముక పెరిగే చోటే విరిగిందని, విరిగినాక ఈడ్చడంతో ఇంకా చెడిందని, ఇక ఆ కాలు రెండోదానితో సమానంగా పెరగకపోవచ్చని ఆయన చెప్పుకుపోతుంటే, పెద్దబాపు ఓపికగా అంతా విన్నాడు.

"కప్పు మాకే వచ్చింది సార్," అన్నాడు.

డాక్టరు చెప్పినట్టే కుడికాలు అంగుళం పొట్టిగా ఆగిపోయింది. ఆట పోయింది. పొలం పనికి పనికిరానని నన్ను కాలేజీకి పంపారు, నా చదువుకు కారణం తానేనని పెద్దబాపు చెప్పుకునేవాడు, అది అబద్ధమూ కాదు. ఆయన సర్పంచి ఎన్నికలో ఓడిపోయాడు. నా కాలికి చేసిన వైద్యాలన్నిటిలో కాస్త గుణం ఇచ్చింది అదొక్కటే. ముసలితనంలో తుంటి విరిగి మంచాన పడ్డప్పుడు చూడబోయాను, ఇప్పుడైనా ఏదో ఒక మాట అంటాడేమోనని. అన్నాడు.

"ఆ దినం గీత ముట్టినవురా. నా కండ్లతోని చూసిన."

ఆయన పదోనాటి భోజనానికి పోయి, రెండుసార్లు అన్నం, మూడుసార్లు మాంసం వేయించుకుని తిన్నాను.

ఇప్పుడు పిల్లలు నొప్పి అంటే అది నొప్పే. మన కాలంలో మాత్రం పెద్దలు ఒప్పుకున్న తర్వాతే నొప్పి ఉన్నట్టు లెక్క. ఈ మార్పు మంచిదని అందరితో పాటు నేనూ అంటాను. నా తర్వాత మా తమ్ముణ్ణి కాంటా ఎక్కించబోతే, అంతవరకు ఎవరికీ ఎదురుచెప్పని అమ్మ దుకాణం మెట్ల మీద అడ్డంగా కూర్చుంది. వాడు అన్నీ తిని పెరిగాడు. ఈనాటికీ మా ఇంటి దర్వాజ దగ్గర తల వంచి లోపలికి వస్తాడు. నాకు వంచాల్సిన అవసరం పడదు.