పేరు లేని తలకాయ

రాజమండ్రిలోని మా స్కానింగ్ సెంటర్లో బ్రెయిన్ ట్యూమర్ పరిశోధన కోసం ఎమ్మారై స్కాన్లు సిద్ధం చేయడం నా పని. సీడీలోకి ఎక్కించి హైదరాబాదు పంపే ముందు ప్రతి స్కాన్‌లోంచీ పేషెంటు పేరు తీసేస్తాను, మొహం తెలిసే భాగం కూడా చెరిపేస్తాను. అది ఎవరి తలో ఎవరికీ తెలియకూడదని నియమం.

ఈ రోజు తణుకు దగ్గర నుంచి ఒక రైతుగారు చెకప్‌కి వచ్చారు. కిందటేడు ఆపరేషనైంది, ఇప్పుడు మనిషి దుక్కలా ఉన్నారు. తన స్కాన్‌ను పరిశోధనకి వాడుకోమని సంతోషంగా సంతకం పెట్టినాయనే. ఓసారి చూపించమంటే చూపించాను.

"ఇందులో నా పేరేదండి?"

"తీసేశామండి. మొహం కూడా తీసేశాం."

ఆయన కోపం చూడాలి!

"గుడికి ఫ్యానిస్తేనే మూడు రెక్కల మీదా నా పేరు రాయించారండి. తలకాయిస్తే రాయరా?"

ఫ్యాను తిరుగుతున్నంతసేపూ ఆ పేరు ఎవరికీ కనిపించదని నేను అనలేదు. నియమం ఎందుకో ఓపిగ్గా వివరించాను. ఆయన కాస్త మెత్తబడ్డారు.

"అయితే రేపు ఈ పరిశోధన అచ్చయినా అందులో ఎవరి పేర్లూ ఉండవన్నమాట."

"డాక్టర్ల పేర్లుంటాయండి."

"వాళ్ళేం ఇచ్చారండి?"

నేను కంప్యూటర్ వైపు తిరిగి, ఏదో పనున్నట్టు మౌస్ కదిపాను. ఆ పేర్లలో చిట్టచివరిది నాది.

మీరైతే ఏం చెప్పేవారో త్వరగా రాయండి. రిపోర్టు కోసం ఆయన సోమవారం మళ్ళీ వస్తారు.