ఒక్క పోగు గూడ తెగలేదా?

మా బాపు సిరిసిల్లల మరమగ్గాల మీద బట్ట నేస్తడు. మా దిక్కు వాటిని సాంచలంటరు. పోయినేడు నేను సాంచల మీద బతికే ఒక ఇంటి కథ రాసి, ఎవ్వరూ వంక పెట్టొద్దని నెల రోజులు సాపు చేసి, ఆయనకు చదివి వినిపించిన.

ఆఖరి దాకా విని, "గిన్నేండ్లు నేసిండు గదా నీ కథల మనిషి, ఒక్క పోగు గూడ తెగలేదా?" అన్నడు.

నాకు చిర్రెత్తుకొచ్చింది. ఆ కోపంతోనే ఇంకో కథ రాసిన. అందుల పెండ్లి, పని, స్నేహం అన్నీ తెగుడే.

"గిన్ని తెగితే సాంచ బంద్ జేసుడే. ఇగ బట్టెక్కడిది?" అన్నడు.

అప్పుడే నేసిన బట్ట తిరగేసి, నా వేలు పట్టి దాని మీద జరిపిండు. కంటికి ఆనని ముడి వేలికి తగిలింది. "గీడ తెగింది. ముడేసి మళ్ల నడిపిన" అన్నడు.

మొదటి కథ మళ్ల తీసిన. ఎక్కడ తెగాల్నో నాకు ఎరుకే. పని పోయిన నాడు బాపు మమ్ముల ఇడిసి పోయి, మూడో నాడు తిరిగొచ్చి తలుపు కాడ నిలబడ్డడు. బాపు ఇజ్జత్ పోతదని గా మూడు రోజులను కథల నుంచి కొట్టేసింది నేనే.

తెగలేదా అని అడిగింది బాపే.