పుట్టుకతోనే లేని దారి

పెళ్లయ్యాక ఆరేళ్లపాటు మందులన్నీ నా భార్యే మింగింది. ఆమె నా సొంత మేనమామ కూతురు. జగదల్‌పూర్‌లో సూదులు వేయించుకుంది. ఆవపల్లి వైపు నుంచి ఎవరో తెచ్చిచ్చిన వేళ్ల కషాయం తాగి మూడు రోజులు వాంతులు చేసుకుంది. వెళ్లినప్పుడల్లా జగదల్‌పూర్ డాక్టరమ్మ హిందీలో ఒకే మాట అడిగేది, మీ ఆయన జాంచ్, అంటే పరీక్ష, అయిందా అని. దుకాణం మూసి రావడం కుదరదని నేను సాకు చెప్పేవాణ్ని. నిజానికి నాకు భయం.

ఏడో ఏట, నేను పరీక్ష చేయించుకుంటే తప్ప ఆమె ఇక దవాఖాన గడప తొక్కనంది. అప్పుడు మా ఊరు భోపాలపట్నం నుంచి ఇద్దరం వరంగల్ వెళ్లాం. నా వీర్యంలో ఒక్క కణం కూడా లేదని రిపోర్ట్ వచ్చింది. పెద్దాయన డాక్టరు నన్ను బల్ల మీద పడుకోబెట్టి చేత్తో తడిమి చూశాడు. ఒక పక్క చూసి, రెండో పక్క చూసి, మళ్లీ మొదటి పక్కకు వచ్చాడు.

"కణాలు లోపల తయారవుతూనే ఉన్నాయి బాబూ. బయటికి తెచ్చే నాళాలే లేవు, రెండు వైపులా. పుట్టుకతోనే లేవు."

ఊపిరి పీల్చుకునే లోపే ఇంకో మాట అడిగాడు.

"మీ ఇంట్లో పసితనంలోనే పోయినవాళ్లు ఉన్నారా?"

"ఒక అక్క అండీ. నేను పుట్టకముందే."

"దగ్గుతో పోయిందా? ఒళ్లు ఉప్పగా ఉండేదా? అమ్మనడుగు." తర్వాత నా భార్య వైపు చూశాడు. "ఈమె నీకేమవుతుంది?"

చెప్పాను. ఆయన పెన్ను పక్కన పెట్టాడు.

ఇలా నాళాలు లేకుండా పుట్టడం వెనక చాలాసార్లు వంశంలో ఒక లోపం ఉంటుందట. నా దగ్గర అది నాళాలతో ఆగింది. తల్లి నుంచీ తండ్రి నుంచీ గట్టి లోపమే వస్తే మాత్రం బిడ్డ ఊపిరితిత్తుల్ని పట్టేస్తుంది; అలాంటి పిల్లల చెమటలో ఉప్పెక్కువట. సూదితో నా కణాలు తీసి బిడ్డను కనవచ్చు, కానీ ముందు ఇద్దరి రక్తమూ చూడాలన్నాడు.

ఇంటికొచ్చేసరికి అమ్మ చింతపండు గింజ తీస్తోంది. అక్క గురించి అడిగాను. ఆమె చెయ్యి ఆగిపోయింది.

"ఏంది, ఎవరు జెప్పిండ్రు నీకు? ముద్దు వెడ్తే పెదాలకు ఉప్పు తగిలేది. ఎండకాలం గదా, చెమట అనుకున్న. దగ్గీ దగ్గీ పాయె పిల్ల. మీ నాయనకు గూడ జెప్పలే ఆ ఉప్పు సంగతి."

నెల తర్వాత రిపోర్టులు వచ్చాయి. లోపం నా భార్య రక్తంలోనూ ఉంది. పిండాన్ని ముందే పరీక్షించే పద్ధతి హైదరాబాద్‌లో ఉందన్నాడు డాక్టరు. బస్సులో ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

"ఇంక నాతోని గాదు బావా. సూదులు జాలు."

నేను సరేనన్నాను. గోదావరి బ్రిడ్జి దాటాక ఆమె గభాలున నా చెయ్యి పట్టుకుంది.

"మరి తమ్ముడు?"

ఆమె తమ్ముడికీ మా చెల్లెలికీ పెళ్లి ఇరవై రోజుల్లో ఉంది.

మర్నాడు పొద్దున్నే మద్దేడ్‌లో మామ దుకాణానికి వెళ్లి అంతా చెప్పాను. పెళ్లి ఆపమనలేదు, ముందు ఇద్దరికీ రక్తం చూపిద్దామన్నాను. ఆయన మొహం ఎర్రబడింది.

"నీ లోపం దాసుకోనీకి మా ఇంటి మీద వెడ్తున్నవా అల్లుడా? మా తాతల కాన్నుంచి మేనరికాలే. ఎవనికేమైంది?"

అమ్మ నాన్నకే చెప్పని అక్క ఉప్పు సంగతి నా నోటి దాకా వచ్చి ఆగింది. చెల్లెలైతే ఏడ్చింది. "పత్రికలు పంచినంక గిప్పుడా అన్నా?" అంది. పెళ్లి జరిగింది. తలంబ్రాలప్పుడు అందరూ నవ్వుతుంటే అమ్మ ఒక్కతీ నేల చూస్తూ నిలబడింది.

ఇప్పుడు చెల్లెలికి ఎనిమిదో నెల. వచ్చే వారం పురిటికి మా ఇంటికి వస్తోంది. బిడ్డ పుట్టగానే పరీక్ష చేయించమని వరంగల్ డాక్టరు చెప్పాడు. మామకింకా చెప్పలేదు. నా భార్య పాత చీరలతో బొంతలు కుడుతోంది, ఎవరితోనూ పెద్దగా మాట్లాడటం లేదు. మొన్న చెల్లెలు ఫోన్ చేసి, లోపల ఒకటే తన్నులని నవ్వుతూ చెప్పింది. అమ్మ ఆ మాట పూర్తిగా వినకుండానే ఫోన్ నా చేతిలో పెట్టి లోపలికి వెళ్లిపోయింది.