నీడ పక్కన సీటు

ఈ పొద్దున విశాఖపట్నంలో నేనూ మా ఇంటామె భీమిలి బస్సెక్కాము. ఆమె ఇంతవరకు సముద్రం చూడలేదు. మోకాలి ఆపరేషన్ అయిన మనిషి, ఇసుకలో నడవలేదు. బస్సు కిటికీలోంచైనా చూపిద్దామని మా ఊరు ఎల్లారెడ్డి నుంచి తీసుకొచ్చాను.

మా దిక్కు బస్సెక్కితే ఎండ ఎటు పడుతుందో చూసుకుని నీడ పక్కన కూర్చుంటాము. ఇక్కడా అదే చేశాను. బస్సు నిండింది. కొంత దూరం పోయాక చూస్తే మా కిటికీలో అన్నీ కొండలు, ఇండ్లే. సముద్రమంతా ఎండ పక్కన ఉంది. ఎవరినైనా అడుగుదామంటే నాకు నోరు రాలేదు.

అవతలి కిటికీ దగ్గర ఖాళీ చేపల తట్ట ఒళ్లో పెట్టుకున్న ఒకామె, మేము మెడలు సాచడం చూసి నవ్వింది. "ఏటి బాబూ, ఎండకి బయపడి సముద్రాన్ని ఒగ్గేశారా? అమ్మని ఇటు రమ్మనండి" అని లేచి, మా సీట్లోకి వచ్చింది.

మా ఇంటామె కిటికీ పక్కన కూర్చుని చాలాసేపు చూసింది. "మా పోచారం చెరువుకు అవతలి గట్టు కనవడ్తది. దీనికేది చెల్లె?" అన్నది.

"మా ఆయన రోజూ చేపల ఏటకెళ్తాడు. ఆయనకే కనపళ్లేదంటమ్మా!"

ఇద్దరూ పకపకా నవ్వారు. మా ఇంటామె అట్లా నవ్వి చాన్నాళ్లయింది.

భీమిలిలో దిగాక ఆ చేపలామెకు దండం పెట్టాను గానీ మాట బయటికి రాలేదు. "ఒక్క మాటన్న చెప్పకపోతివి గదయ్యా" అని మా ఇంటామె కోప్పడింది. నిజమే. అట్లాంటప్పుడు మీరైతే ఏమంటారో రాయండి, నేర్చుకుంటాను.