స్ప్రింగుల మీది పంపు, ఒక కొబ్బరి చిప్ప

మొన్న మా అపార్ట్‌మెంటు సెల్లారులో కొత్త నీళ్ల పంపు బిగించారు. మోటారుకు బొట్టు పెట్టి, కమిటీ పెద్దమనిషి కొబ్బరికాయ ఎత్తేసరికి నేను పరుగున వెళ్లి, కాస్త దూరంగా గుమ్మం దగ్గర కొట్టమని బతిమాలాను. అందరూ వింతగా చూశారు. నాకు దేవుడంటే నమ్మకం లేదని పక్కింటావిడ అప్పటికప్పుడే తేల్చేసింది. నమ్మకం లేక కాదు. ఒక కొబ్బరి చిప్ప ఎంత పని చేయగలదో కళ్లారా చూసినదాన్ని.

అప్పట్లో నేను కొండాపూర్ నుంచి రోజూ బస్సెక్కి పటాన్‌చెరు దగ్గరి ఒక మందుల ఫ్యాక్టరీకి వెళ్లేదాన్ని. అక్కడి ల్యాబులో నా పని. గాజుపెట్టెలో ఒక తూకం యంత్రం ఉండేది. చిటికెడు పొడిలో నలుసంత తేడా ఉన్నా చెప్పేది. మహా సుకుమారి, పక్కన ఎవరైనా తుమ్మితే అలిగేది. సరిగ్గా దాని కిందే, కింది అంతస్తులో, పెద్ద పంపును తెచ్చి నేలకు బోల్టులతో బిగించారు. పడని అత్తాకోడళ్లను ఒకే వంటింట్లో పెట్టినట్టయింది. పంపు తిరిగినంతసేపూ తూకం మీద చివరి అంకె నిలిచేది కాదు. మేనేజరుగారు మంచివాడే గానీ, ఆయన పైన కూడా మనుషులున్నారు. పంపును స్ప్రింగుల మీదికి ఎక్కిస్తున్నామనీ, అప్పటికీ అంకె నిలవకపోతే ల్యాబు మూసేసి శాంపిళ్లు బయటికి పంపుతామనీ చెప్పేశారు. ల్యాబు మూస్తే నా ఉద్యోగమూ అంతే. ఆ మాట ఇంట్లో చెప్పడానికి నాకు నోరు రాలేదు.

ఆ స్ప్రింగుల పనికి సంగారెడ్డి నుంచి ఒక ఫిట్టరు వచ్చాడు. అందరం చాచా అనేవాళ్లం. అత్తరు పూసుకుని ఇస్త్రీ చొక్కాతో వచ్చేవాడు. ఈ చుట్టుపక్కల తను చెయ్యి పెట్టని మిషను లేదనేవాడు. అందులో సగం అబద్ధమని తనే నవ్వేవాడు. మంచమంత ఇనుప చట్రంలో కాంక్రీటు పోయించి, గట్టిపడ్డాక పంపునూ మోటారునూ దాని మీద కూర్చోబెట్టాడు. చట్రానికి చుట్టూ లావుపాటి స్ప్రింగులు, అవి బరువు అందుకునేదాకా మోయడానికి చట్రం కింద ఇనుప ముక్కలు. పైపులు కలిపి నీళ్లు నింపేదాకా స్ప్రింగులను ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. నీళ్ల బరువు కూడా పడ్డాకే మట్టం చూడాలట. అప్పుడు పానా పట్టుకుని ఒక స్ప్రింగు నట్టును కాస్త తిప్పడం, రసమట్టంలో బుడగ చూడటం, ఎదుటి మూలకు వెళ్లి అక్కడా కాస్త తిప్పడం. పొద్దున కూర్చున్నవాడు భోజనాల బెల్లు మోగినా లేవలేదు. చివరికి ఒక ఇనుప ముక్కను వేలితో నెట్టాడు. అది జారి బయటికి వచ్చేసింది. మిగతావీ వచ్చేశాయి. చట్రానికీ నేలకూ మధ్య వేలెడు సందు, ఆ సందులోంచి అవతలి వెలుతురు కనిపించింది.

"చెయ్యి పెట్టి జెర నూకు బేటా" అన్నాడు చాచా.

నూకాను. అంత బరువూ నా అరచేతి కింద మెల్లగా ఊగి, మళ్లీ తన చోటికి వచ్చి నిలబడింది. ఒళ్లు ఝల్లుమంది. నేలను అంటకుండా నిలబడ్డ కొండను ముట్టుకున్నట్టే అనిపించింది నాకు.

బాయిలరు చూసుకునే ఆయనను అన్న అనేవాళ్లం, ఆయన ఊరు బొంతపల్లి. తమ ఊరి వీరభద్రస్వామికి చెప్పనిదే అగ్గిపుల్ల గీయడు. కాయ తెచ్చింది మాత్రం చాచానే. కాయ కొట్టకుండా మిషను నడపడం ఆయన పద్ధతిలో లేదు. అన్న భక్తి కొద్దీ చట్రం మూలకు ఒక్క దెబ్బ వేశాడు. కాయ ముక్కలు ముక్కలైంది. అందరం కొబ్బరి నములుతుండగా పంపు తిరిగింది. నేను మెట్లెక్కి పరుగెత్తాను. అంకె ఎప్పటిలాగే వణుకుతోంది. వెనకే వచ్చిన మేనేజరుగారు కాసేపు చూసి, సాయంత్రం మాట్లాడదామని వెళ్లిపోయారు. మెట్ల మీద కూర్చుని ఏడ్చాను.

చాచా గొప్పలు మాని పంపు పక్కన కూర్చున్నాడు. మళ్లీ రసమట్టం పెట్టి చూశాడు. నడిమధ్యన వదిలిన బుడగ ఒక పక్కకు జరిగి ఉంది. ఆయన చెప్పులు విప్పి, నన్నూ విప్పమని, పంపు చుట్టూ నడవడం మొదలుపెట్టాడు.

"కాలు చెప్తది. యాడ గుయ్యిమంటే ఆడ ఆగు."

మూడు మూలల్లో నేల చల్లగా, నిమ్మళంగా ఉంది. కాయ కొట్టిన మూలకు వచ్చేసరికి అరికాల్లో తేనెటీగ దూరినట్టయింది. ఆగాను. పంపు ఆపించి, చాచా ఆ ఇస్త్రీ చొక్కాతోనే బోర్లా పడుకుని టార్చి వేశాడు. సందులో నిలువునా ఇరుక్కుని, బొటనవేలంత కొబ్బరి చిప్ప ముక్క. పంపు మొదలైనప్పుడు చట్రం ఒకసారి ఊగుతుంది. ఆ ఊపులో చిక్కుకుని, స్ప్రింగులు మింగాల్సిన అదురునంతా నేలకు అందిస్తోంది. తీగ వంచి బయటికి లాగాడు. అన్న దాన్ని కళ్లకద్దుకున్నాడు.

"మా వీరభద్రుడు పట్టుకుంటే ఊకె ఇడ్వడు."

"ఇడిసిండు గద భాయ్, ఇగ చాలు" అన్నాడు చాచా, చొక్కా దులుపుకుంటూ.

మళ్లీ పంపు తిప్పారు. పైకి వెళ్లి చూశాను. సున్నాలన్నీ నిలబడి ఉన్నాయి. నమ్మకం కుదరక జడలోంచి ఒక వెంట్రుక పీకి, వేలికి చుట్టి, తీసి పళ్లెంలో వేసి గాజు తలుపు మూశాను. చివరి అంకె లేచింది, ఆరు దగ్గర నిలిచింది. కింద అంత పెద్ద పంపు నీళ్లు తోడుతూనే ఉంది. వెనకే వచ్చిన చాచా గడప దాటలేదు. తన అడుగుకు అంకె కదులుతుందేమోనని భయం.

"ఏంది బేటా, నీ ఎంటిక గూడ తూగుతున్నదా?" అని గుసగుసగా అడిగాడు. అవునన్నాను. ఆ గొప్పల మనిషి చెప్పులు చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

ల్యాబు మూతపడలేదు. నేను అక్కడే రిటైరయ్యాను. చాచా పోయి చాలా ఏళ్లయింది, పంపు కూడా మారిపోయింది, నా జడా పలచబడింది. కాలం ఎవరి కోసమూ ఆగదంటారు, నిజమే కావచ్చు. ఆ మధ్యాహ్నం మాత్రం ఒక వెంట్రుక బరువు దగ్గర అది కాసేపు ఆగడం నేను చూశాను.