షూలో మెట్టెలు

నాకు ఉద్యోగం వచ్చిన మస్కట్ బడిలో టీచర్లు పాదం పూర్తిగా కప్పే షూ వేసుకోవాలట. అలవాటవుతుందని చింతామణి నుంచి బాగేపల్లి వెళ్ళే బస్సు వాటితోనే ఎక్కాను. కిటికీ పక్క ఇరుక్కుపోయాను. కాళ్ళ ముందు ఎవరిదో టమాటా ట్రే. లోపల మెట్టెలు వేళ్ళను కోస్తుంటే, వంగి షూ విప్పడానికీ చోటు లేదు.

పక్కన కూర్చున్న నడివయసావిడ నా ముఖం చూసింది.

"మెట్టెలు నొక్కుతాండాయా అమ్మా? దుబాయిలో టీచర్‌గా చేసేటప్పుడు నాకూ ఇట్లనే."

"మెట్టెలు తీయకూడదని మా అత్త, షూ వేసుకోవాలని బడి. కాలు మాత్రం నాది," అన్నాను విసుగ్గా.

ఆమె ఆ ట్రేను ఎత్తి తన ఒళ్ళో పెట్టుకుంది. నేను షూ విప్పాను. అప్పుడామె చెప్పులోంచి తన పాదం తీసి చూపించింది. బోసి వేలు, కణుపు దగ్గర ఉబ్బి ఉంది.

"బడికి పొయ్యేటప్పుడు తీసి, ఇంటికొచ్చి తొడుక్కుంటాంటి. పొద్దంతా నిలబడి నిలబడి వేళ్ళు ఉబ్బిపాయ. ఒగ దినం ఎక్కలే. అంతే."

చేలూరులో దిగిపోయింది. పేరైనా అడగలేదు.

ఇక్కడ మస్కట్‌లో రోజూ బడి నుంచి రాగానే షూ విప్పి మెట్టెలు తొడుక్కుంటాను. ఇంకా ఎక్కుతున్నాయి. ఈ వారం నుంచే, కాస్త సబ్బు రాయాల్సి వస్తోంది.